మొగల్తూరులో ఒక మోకాలి కొలత

ఒక మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో చూడడానికి అనంతపురం నుంచి మొగల్తూరు దాకా వెళ్ళొచ్చానంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు. "అక్కడ మోకాళ్ళు చూసేవాళ్ళు లేరా ఏం?" అని మా అత్తగారు అడిగారు. లేకేం, ఉన్నారు. నా క్లాస్‌మేట్ ఝాన్సీ పాలకొల్లులో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి పన్నెండేళ్ళయింది. ఆ ఝాన్సీయే ఫోన్ చేసి, "నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందే. ఒక్కసారి వచ్చి చూడు" అంది. కాలేజీలో ప్రొఫెసర్ల మాటే లెక్కచేయని మనిషి అలా అనేసరికి నేను ఉండబట్టలేకపోయాను.

సంగతేమిటంటే, మొగల్తూరులో శాంతమ్మ గారని లేసు అల్లే ఆవిడ ఉన్నారు. అరవై దాటాయి. మోకాలి కీలు మార్చే ఆపరేషన్ అయింది. ఆ కాలు మళ్ళీ వంగేలా సాధన చేయించడం, ఎంత వంగిందో కొలిచి నోట్‌బుక్‌లో రాయడం ఝాన్సీ పని. రాసిన అంకెలు చూస్తే ఒకసారి డెబ్బై రెండు, వెంటనే తొంభై, మళ్ళీ డెబ్బై ఆరు. భీమవరంలో ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు గారు అది చూసి, "ఇది మోకాలా, షేర్ మార్కెట్టా?" అన్నారట. శనివారానికల్లా తొంభై ఖాయంగా కనిపించకపోతే మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా వంచేస్తానన్నారట. శాంతమ్మ గారికి నొప్పంటే భయం లేదు, ఆ మత్తంటేనే హడల్. మొదటిసారి మత్తు దిగాక ఆవిడ ఒక రోజంతా కట్టుకున్న భర్తను గుర్తుపట్టలేదు.

అందుకని చేతిసంచిలో గోనియోమీటర్ పెట్టుకుని బయలుదేరాను. పేరు చూసి భయపడకండి. రెండు ప్లాస్టిక్ స్కేళ్ళు, వాటిని కలుపుతూ పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే కోణమానిని లాంటి చక్రం, అంతే. ఒక స్కేలు తొడ వెంట, ఒకటి పిక్క వెంట పెడితే మధ్యలో అంకె కనిపిస్తుంది. దాన్ని పెట్టడంలో నా చేతికి తిరుగులేదని నాకు చాలా గర్వం ఉండేది.

రాజమండ్రి: మేస్త్రీ గారు, రోజ్‌మిల్క్

రైల్లో దువ్వెన కోసం సంచి వెతుకుతుంటే గోనియోమీటర్ బయటపడింది. ఎదుటి సీట్లో ఉన్నాయన దాన్ని చూసి లేచి కూర్చున్నారు. పెద్దాపురం వడ్రంగి మేస్త్రీ ఆయన, కూతురి ఇంటి నుంచి తిరిగి వెళుతున్నారు.

"ఏంటండీ అది? మా మూలమట్టానికి తమ్ముడిలా ఉందే!"

చెప్పాను. ఆయన దాన్ని అడిగి తీసుకుని, తన మోచేతికి పెట్టుకుని, బెర్తు మూలకి పెట్టి, తొంభై వచ్చాక తృప్తిపడి తిరిగి ఇచ్చారు. "దీంతో కొలిత్తే తప్పు రాదాండీ?" అన్నారు. చేయి తిరిగినవాళ్ళు కొలిస్తే రాదని కాస్త డాబుగానే చెప్పాను.

"మా పని తేలికండి. చెక్క ఎటూ చూడదు కదా. మీరు కొలిచేది మిమ్మల్నే చూత్తా ఉంటదండి" అన్నారాయన.

ఏదో మాట వరసకి అన్నారనుకున్నాను. దిగేలోపు ఆయన నన్ను ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతరకి కుటుంబంతో సహా రమ్మన్నారు. ఎక్కడ పడుకోవాలో, ఏ గది ఖాళీ చేయిస్తారో కూడా చెప్పారు. మా అనంతపురంలో ఇంటికి పిలవాలంటే కనీసం ఇంటిపేరైనా తెలియాలి. ఈయనకి నా పేరే తెలియదు.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు మీద రోజ్‌మిల్క్ తాగాను. ముప్పై రూపాయలు. గులాబీ రంగు పాలలో ఏముంటుందిలే అనుకుని ఒకటి తీసుకున్నదాన్ని, మాట్లాడకుండా రెండోది కూడా చెప్పాను. తర్వాత గట్టు మీద నిలబడి గోదావరిని చూశాను. మాకూ పెన్న ఉంది. కానీ మా పెన్నలో నీళ్ళు వస్తే పేపర్లో ఫోటో వేస్తారు. ఇంత నీరు ఎవరూ పట్టించుకోకుండా పోతుంటే నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళు పుట్టింది.

పాలకొల్లు: దిబ్బరొట్టె, నాలుగు మోకాళ్ళు

బస్సులో కండక్టరు గారు ఒకాయన్ని తిడుతున్నారు. "మీకు బుద్ధుందాండీ? మెట్ల మీద నిలబడతారేంటండీ? పడితే చస్తారండీ!" మా వైపు తిట్టు తిట్టులాగే వస్తుంది. ఇక్కడ దానికి కూడా చివర మర్యాద కట్టి పంపుతారు. తిట్లు తిన్నాయన "అలాగేనండీ" అని లోపలికి జరిగాడు.

ఝాన్సీ నన్ను బస్టాండు నుంచి నేరుగా దిబ్బరొట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. మందపాటి మూకుడులో సన్నని సెగ మీద కాలిన మినపరొట్టె, పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా, పక్కన చెరుకు పానకం. జొన్నరొట్టె మీద పెరిగిన నాకు రొట్టె ఇంత లావుగా ఉండొచ్చని తెలియదు. సగం తిని వదిలేస్తే కొట్టాయన మొహం చిన్నబోయింది. "బాలేదాండీ?" అని మూడుసార్లు అడిగారు. ఆయన కోసం మిగతాది కూడా తినేశాను. ఆ ఊరి గుణం నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

మధ్యాహ్నం క్లినిక్‌లో మమ్మల్ని మేమే పరీక్షించుకున్నాం. నలుగురు పేషెంట్ల మోకాళ్ళు ముందు తను, తర్వాత నేను కొలిచి, ఒకరి అంకె ఒకరికి కనపడకుండా చీటీల మీద రాశాం. నిన్నటి అంకె బుర్రలో ఉంటే కళ్ళు దాని దగ్గరికే పోతాయి, అందుకే ఈ దాగుడుమూతలు. ఐదు డిగ్రీల లోపు తేడా వస్తే మా వృత్తిలో సరిపెట్టుకుంటాం. మాకు రెండు, మూడు మించి రాలేదు. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే పేషెంటొకాయన చీటీలు విప్పుతుంటే మెడ సాచి చూసి, "ఎవరు గెలిచారండీ?" అన్నాడు. ఇద్దరమూ ఓడలేదని చెబితే నిరాశపడ్డాడు.

ఆ తర్వాత పనసపొట్టు కూరతో ఝాన్సీ పెట్టిన భోజనం తిని, ఒక్క నిమిషమని పేషెంట్ల బల్ల మీదే నడుం వాల్చాను. కళ్ళు తెరిచేసరికి గంట దాటింది. ఆ బల్ల కోసం ఒక పెద్దావిడ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. "లేపలేదేమండీ?" అంటే, "ఊరు గాని ఊరొచ్చి పడుకున్న మనిషిని ఎలా లేపుతామండీ?" అన్నారు.

మొగల్తూరు: తొంభై ఆరు

గురువారం శాంతమ్మ గారింటికి వెళ్ళాం. భర్త ప్రకాశరావు మాస్టారు, ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. వసారాలో లేసు దారం ఉండలు, గోడకి వాక్యం ఉన్న చర్చి క్యాలెండరు. లూథరన్ కుటుంబం. లేసు పని ఆవిడకి వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చిందట.

కొలత సంగతి ఎత్తనివ్వలేదు. ముందు కాఫీ. తర్వాత పూతరేకులు. అవి తింటుంటే పొడి నా చీర నిండా రాలింది. "మొదటిసారి అందరికీ అంతేనండి" అని మాస్టారు ఓదార్చారు. ఆలోపు అనంతపురం నుంచి పెద్ద డాక్టరమ్మ వచ్చిందని ఎవరో చెప్పినట్టున్నారు, ఇరుగుపొరుగు వాళ్ళు నలుగురు వచ్చి గోడవారగా నిలబడ్డారు.

ముందు నా వంతు. ఝాన్సీని బయటికి పంపాను. శాంతమ్మ గారు చెక్క బల్ల మీద కూర్చున్నారు. పద్ధతి ప్రకారం చీర పైకి జరిపి, తుంటి పక్కనా మోకాలి పక్కనా చీలమండ దగ్గరా ఎముక బుడిపెలు వెతికి, స్కేళ్ళు వాటి వెంట పెట్టాలి. అంతమంది ముందు, మొదటిసారి వెళ్ళిన ఇంట్లో, పెద్దావిడ చీర తుంటి దాకా జరపడానికి నాకు మొహమాటం వేసింది. తుంటి దగ్గర కుచ్చిళ్ళ పైనుంచే తడిమి, తొడ బల్లకి సమంగానే ఉంది కదా అనుకుని పెట్టేశాను. ఆవిడ పెదవులు బిగించి, నవ్వు చెదరకుండా కాలు వంచారు.

తొంభై ఆరు. గోడవారగా ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత ఝాన్సీ వచ్చి "అందరూ బయటికి నడవండి" అని గదమాయించి తలుపు వేసింది. కాసేపటికి చీటీ మడతపెట్టి తెచ్చింది. విప్పితే ఎనభై ఐదు.

పదకొండు డిగ్రీల తేడా! ఇంటి బయట కాలవగట్టు మీద ఇద్దరం పోట్లాడుకున్నాం. "నీ చెయ్యి పాడైపోయింది" అన్నాను. "తొంభై ఆరు వంగే కాలైతే ఆవిడ మెట్లెందుకు దిగలేకపోతోందే? నీ చెయ్యి చూసుకో ముందు" అంది. నాకు కోపం తొందర. తిరుగు బస్సులో ఇద్దరం చెరో కిటికీ దగ్గర కూర్చున్నాం.

నరసాపురం: రేవు దగ్గర అలక

నరసాపురంలో బస్సు మారాలి. చూపించాల్సినవి చూపించడం ఝాన్సీకి అలకలో కూడా అలవాటే కాబోలు, మాట్లాడకుండానే నన్ను రేవుకి తీసుకెళ్ళింది. మోటారు సైకిళ్ళు, మేకలు, పెళ్ళి బట్టల్లో ఉన్న కుటుంబమొకటి, అన్నీ కలిసి పంటు అనే బల్లకట్టు ఎక్కి ఏరు దాటుతున్నాయి. ఉడికించిన వేరుశనగకాయలు కొనుక్కుని పొట్లం మధ్యలో పెట్టుకుని తిన్నాం. ఉప్పు తక్కువైంది. వేరుశనగ విషయంలో మాత్రం అనంతపురాన్ని ఎవరూ మించలేరని అన్నాను. అది మొదటి మాట. "శనివారం పాపం ఆవిడని తీసుకెళ్ళి మళ్ళీ మత్తిస్తారే" అని తను అంది. ఇద్దరికీ ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు గుర్తొచ్చారు వడ్రంగి మేస్త్రీ గారు. మీరు కొలిచేది మిమ్మల్నే చూత్తా ఉంటదండి. చప్పట్లు, పూతరేకులు, బిగించిన పెదవులు, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. మేం చేతుల గురించి కొట్టుకుంటున్నాం. చూడాల్సింది శాంతమ్మ గారిని.

మళ్ళీ మొగల్తూరు: పప్పుచారు

శుక్రవారం పొద్దున్నే చెప్పకుండా వెళ్ళాం. శాంతమ్మ గారు కుర్చీలో కూర్చుని లేసు అల్లుకుంటున్నారు. సూటిగా అడిగాను, నిన్న నాకు చూపించిన కాలూ ఝాన్సీకి చూపించిన కాలూ ఒకటేనా అని.

ఆవిడ తలదించుకుని నవ్వారు. "అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపిస్తామాండీ?"

"మరి ఝాన్సీకి?"

"ఝాన్సీ అంటే ఇంట్లో పిల్లండీ. దాని దగ్గర మొహమాటమేంటి? నొప్పొస్తే నొప్పంటాను, ఆగిపోతాను."

ఎలా వంచారో చూపించమంటే చూపించారు. కాలు అంతే వంగింది. కాకపోతే ఆ పక్క తుంటిని బల్ల మీద నుంచి కొంచెం పైకి లేపారు. దాంతో తొడ ముందుకి వాలి, పాదం బల్ల కిందికి ఇంకా వెనక్కి పోయింది. చీర కుచ్చిళ్ళ కింద అది కనిపించదు. నేను తొడ సమంగా ఉందనుకుని కొలిచాను కాబట్టి లేని డిగ్రీలు వచ్చి పడ్డాయి. ఆవిడ మర్యాద కొంత, నా మొహమాటం కొంత కలిసి తొంభై ఆరయ్యాయి. నా చేతి గర్వం ఆ బల్ల దగ్గరే పోయింది.

"అయితే ఎవరొచ్చినా ఇంతేనా?" అంటూ ఝాన్సీ నోట్‌బుక్ తీసింది. అందులో తేదీలూ అంకెలే ఉన్నాయి, ఎవరొచ్చారో లేదు. ఒక్కో తేదీ చదివితే మాస్టారు "ఏమో, గుర్తులేదమ్మా" అన్నారు. శాంతమ్మ గారు మాత్రం సూది ఆపి, పైకి చూసి, చెప్పడం మొదలెట్టారు.

"తొంభై వచ్చిన మంగళవారమా? ఆ రోజు కొరమేను పులుసు. మా ఆడపడుచు తణుకు నుంచి వచ్చింది కదండీ."

"డెబ్బై ఆరు?"

"పప్పుచారు. ఎవరూ రాలేదు."

"తొంభై రెండు?"

"కోడి కూర, గారెలు. పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారు. నడిగదిలోనే కొలిచావు కదే, అందరూ ఉండగానే."

ఝాన్సీ నెత్తి కొట్టుకుంది. నిజమే, చుట్టాలున్న రోజుల్లో తనూ చీర జరపలేదు. నేను ఎర్ర పెన్నుతో ప్రతి అంకె పక్కనా కూర పేరు రాశాను. చేపలు, కోడి, పాయసం ఉన్న రోజులు కొట్టేశాను. పప్పుచారు రోజులు మిగిలాయి. డెబ్బై రెండు, డెబ్బై ఆరు, డెబ్బై తొమ్మిది, ఎనభై రెండు. నిన్న అందర్నీ బయటికి పంపి కొలిచింది ఎనభై ఐదు. ఎక్కడా జారలేదు. చుట్టాలు లేని రోజుల్లో పన్నెండేళ్ళు నేర్చిన చేతులు ఒక్క తప్పూ చేయలేదు. ఝాన్సీ ఆ పేజీని అలాగే చూస్తూ కూర్చుంది. నాకు చాలా సంతోషం వేసింది, నిన్న అన్న మాటలకి సిగ్గు కూడా వేసింది. క్షమించమన్నాను. "శనగకాయలు ఉప్పుగా ఉంటే నిన్ననే క్షమించేదాన్ని" అంది.

ఆ పూట మాస్టారిని కూడా బయట కూర్చోబెట్టి, చీర జరిపి, మూడు బుడిపెల మీదా పెన్నుతో చుక్కలు పెట్టి, ఒకళ్ళం తుంటి మీద చెయ్యి ఆనించి, చెరో మూడుసార్లు కొలిచాం. ఆరు చీటీల్లోనూ ఎనభై ఆరో, ఎనభై ఏడో ఉంది.

నిజం దొరికింది కానీ తొంభై మాత్రం దొరకలేదు. శాంతమ్మ గారు చీటీలు చూసి మళ్ళీ లేసు అందుకున్నారు. మధ్యాహ్నం మాకు వద్దంటున్నా కోడిని కోయించారు.

భీమవరం: పెద్ద డాక్టరు గారి బల్ల

శనివారం భీమవరం వెళ్ళే దారంతా చేపల చెరువులు, ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోయే లారీలు. శాంతమ్మ గారు దారిలో ఒకే మాట అడిగారు. "మళ్ళీ మత్తిస్తే ఈసారి ఆయన గుర్తొస్తారంటారా అండీ?" మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "రాకపోతే మళ్ళీ పరిచయం చేసుకుంటాలే శాంతా" అన్నారు.

డాక్టరు గారు మంచి హడావిడి మనిషి. నోట్‌బుక్ తీసుకోకుండానే "రండమ్మా, నేనే చూస్తా" అని బల్ల మీద కూర్చోబెట్టి చీర మీదుగానే గోనియోమీటర్ పెట్టారు. మా జిల్లాలో ఇంత పెద్ద డాక్టరు స్వయంగా కొలవడమే గొప్ప. శాంతమ్మ గారికి కూడా అలాగే అనిపించి ఉంటుంది. పెదవులు బిగుసుకున్నాయి. నవ్వు వచ్చింది. తుంటి లేచింది.

"తొంభై ఏడు! ఇంకేం కావాలి? మత్తూ గిత్తూ అక్కర్లేదు, ఇంటికెళ్ళండి" అన్నారాయన.

నేను నోరు మూసుకున్నాను. మూసుకుంటే ఆవిడ గండం గడుస్తుంది కదా అనుకున్నాను. మాస్టారు అప్పటికే దేవుడికి స్తోత్రం చెబుతున్నారు. ఝాన్సీ మాత్రం ముందుకొచ్చింది.

"కాదండీ. ఎనభై ఏడేనండి" అంది. "ఇవాళ తొంభై ఏడని రాస్తే సాధన ఆపేస్తారు. ఆవిడ ఎప్పటికీ మెట్లు దిగలేదు. వచ్చే నెల నిజంగా తొంభై వచ్చినా తగ్గిపోయిందనుకుని మత్తిస్తారండీ."

వెళ్ళి శాంతమ్మ గారి తుంటి మీద చెయ్యి ఆనించింది. "అత్తా, వంచు. ఇక్కడ అందరూ ఇంట్లోవాళ్ళే."

శాంతమ్మ గారు ఝాన్సీని కోపంగా చూశారు. తర్వాత వంచారు. ఎనభై ఏడు.

డాక్టరు గారు రెండుసార్లు కొలిచారు. అప్పుడు నోట్‌బుక్ అడిగారు. ఎర్ర పెన్ను రాతలు చదువుతూ కళ్ళజోడు పైకి నెట్టుకుని, "మెడికల్ రికార్డులో కొరమేను పులుసు చూడడం ఇదే మొదటిసారి" అన్నారు. నవ్వలేదు. పప్పుచారు అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే పైకి చదివారు. చివరిదాకా వచ్చి వేలు తీసేశారు.

"ఆగకుండా ఎక్కుతోంది. ఎక్కే కాలుకి మత్తెందుకు? మూడు వారాలు ఆగుదాం. అప్పుడు కూడా తొంభై దాటకపోతే మాత్రం నా మాట వినాలి" అన్నారు. షేర్ మార్కెట్టు మాట వెనక్కి తీసుకోలేదు కానీ, వెళుతుంటే ఝాన్సీతో "మీ పేషెంట్లందరికీ ఈ కూరల కాలమ్ పెట్టండి" అన్నారు.

బయట కారిడార్‌లో శాంతమ్మ గారు ఝాన్సీ చెయ్యి పట్టుకుని ఏడ్చారు. "ఎంత భయపెట్టావే" అని వీపు మీద ఒక దెబ్బ కూడా వేశారు.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు రైల్లో అన్నవరం నుంచి వస్తున్న కుటుంబం ఒకటి, అడగకుండానే ఆకు పొట్లం విప్పి ప్రసాదం చేతిలో పెట్టింది. వేడి తగ్గినా నెయ్యి వాసన తగ్గలేదు. పెట్టినావిడ నేను తినేదాకా నా మొహమే చూస్తూ కూర్చుంది. ఎలా ఉందో చెప్పాలని నాకు తెలుసు కాబట్టి, బాగుందని రెండుసార్లు చెప్పాను. ఈసారి ఆ మాటలో కల్తీ లేదు.

ఇప్పుడు మా క్లినిక్‌లో కొలిచే ముందు చుట్టాలందర్నీ బయటికి పంపుతున్నాను. మా వాళ్ళకి అంత మర్యాద లేదని మొదట అనుకున్నాను. ఉంది, వేరే రకం. ఇక్కడ డాక్టరు జాలి పడాలని తక్కువ వంచుతారు.

సరిగ్గా మూడు వారాలకి, శనివారం మధ్యాహ్నం, పేషెంటు కాలు చేతిలో ఉండగా ఫోన్ మోగింది. ఝాన్సీ మెసేజ్. ఒక ఫోటో, బల్ల మీద శాంతమ్మ గారి మోకాలు, మూడు పెన్ను చుక్కలు, తుంటి మీద మాస్టారి చెయ్యి. కింద రెండే మాటలు.

"నూట రెండు. పప్పుచారు."